మోకాటి నీళ్ళ వేళ

బా నది ఒడ్డున, చెరకు రైలు వంతెనకు దిగువన ఉన్న పదహారు ఇళ్ళ లైనులో చివరి ఇల్లు సుభాగిది. వరద వస్తుందని రేడియో చెప్పిన సాయంత్రం మిగతా ఆడవాళ్ళు బట్టల మూటలూ దేవుడి పటాలూ పట్టుకొని కొండ మీది బడికి నడిచారు. సుభాగి మాత్రం ఒక చేత్తో మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, ఇంకో చేత్తో కొబ్బరి ఈనెల చీపురు పట్టుకొని, చివర అడ్డచెక్క కొట్టిన తోపుడు కర్రను భుజాన వేసుకొని నడిచింది. అరవై మూడేళ్ళ మనిషి యుద్ధానికి పోతున్నట్టుందని దారిలో ఎవరో నవ్వారు. ఆమె తిరిగి చూసిన చూపుకు ఆ మనిషి చంకలోని ఫ్లాస్కులో టీ చల్లారిపోయిందంటారు.

సుభాగి కోపం మీద లైనులో చాలా కథలున్నాయి. రెండువేల తొమ్మిది వరదలో ఆమె గుమ్మంలో నిలబడి అరిస్తే నది అరగంట సేపు పెరగకుండా ఆగిందని చెబుతారు. అరగంట అన్నది అతిశయోక్తి. పావుగంటకు మించి ఉండదు. ఈవిడ వండిన పప్పుకు పొయ్యి అక్కర్లేదని, గిన్నె వైపు గుర్రుగా చూస్తే చాలు ఉడికిపోతుందని భర్త హర్‌దయాళ్ నలుగురిలో చెప్పి నవ్వేవాడు. ఆ కోపాన్ని చూసి నవ్వగలిగినవాడు ఊరి మొత్తానికీ అతనొక్కడే. అతను పోయి పన్నెండేళ్ళయింది. ఆ కోపం అప్పట్నుంచీ అలాగే ఉంది, నవ్వే మనిషి లేకుండా.

ఆ లైనులో పుట్టిన పిల్లలకు అక్షరాల కంటే ముందు ఒక సంగతి తెలుస్తుంది. ఇంట్లోకి వచ్చే వరదను ఎవరూ ఆపలేరు. అది పోయేటప్పుడు మాత్రం దాని చేత పని చేయించుకోవాలి. ఇళ్ళలో నీరు మోకాటి లోతుకు దిగగానే మనుషులు అందులోకి దిగి, అడుగున పేరుకుంటున్న బురదను చీపుళ్ళతో రేపి, తోపుడు కర్రలతో వాకిట్లోకి తోస్తారు. నీరు ఇంకా కదులుతూ ఉంటుంది కాబట్టి బురదను తనతో తీసుకుపోతుంది. అదంతా గంటన్నర పని, మహా అయితే రెండు గంటలు. ఆ వేళ దాటిందంటే నీరు వెళ్ళిపోతుంది, బురద ఉండిపోతుంది. తరవాత కడుగుదామంటే, వరద వచ్చిన ఊళ్ళో వారం దాకా కుళాయి తుమ్మనైనా తుమ్మదు. గచ్చు మీది బురద ఎండకు ఇటుకలా బిగుస్తుంది. చెక్క గోడల రెండు పొరల మధ్య దూరిన బురద మాత్రం ఎన్నాళ్ళైనా ఆరదు, లోపల్లోపలే కుళ్ళుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. దిగే నీరు వంతెన వైపు నుంచి లైను పొడుగునా జరిగి, సుభాగి ఇల్లు దాటాక వాగులో పడి నదిలో కలుస్తుంది. మొదటి ఇంటి బురద రెండో ఇంటి వాకిలి మీదుగా, రెండో ఇంటిది మూడో ఇంటి వాకిలి మీదుగా పోవాలి. అందుకే అందరూ ఒక్కసారే దిగి, పై ఇంటి నుంచి కింది ఇంటికి వరసగా తోసుకుంటూ రావాలి. వేళకు దిగితే పదహారు ఇళ్ళ బురదా నదికి పోతుంది. ఆలస్యమైతే సుభాగి ఇంట్లో ఆగుతుంది.

పన్నెండేళ్ళ కిందట మార్చి వరదలో అలాగే ఆగింది. అప్పుడు జనం బడి నుంచి ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వచ్చారు, ఎవరి ఇల్లు వాళ్ళు తోసుకున్నారు. ఆఖరి నీటితో పదిహేను ఇళ్ళ బురద వచ్చి సుభాగి హాల్లో తొడ లోతున కూర్చుంది. హర్‌దయాళ్ తొమ్మిది రోజులు వట్టి కాళ్ళతో నిలబడి పారతో తవ్విపోశాడు. మడమ మీద చెరకు దుబ్బు గీసుకున్న గాయం ఉంది. పదో రోజు జ్వరం వచ్చింది, పన్నెండో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి. ఎలుక జ్వరమన్నారు ఆసుపత్రిలో. ఆ మాట చెప్పడానికి వాళ్ళకు మూడు రోజులు పట్టింది. చావడానికి అతనికి ఇంకో రోజు పట్టింది.

దినానికి లైనంతా వచ్చి పూరీలు తిని, పాపం మంచివాడని చెప్పి వెళ్ళింది. సుభాగి వడ్డించింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అప్పుడు మింగిన మాట ఇన్నేళ్ళుగా లోపలే ఉంది.

ఇక ఈసారి సంగతి. రాత్రంతా పెరిగిన నది తెల్లవారి ఎనిమిదింటికి ఆగింది, తొమ్మిదింటికి దిగడం మొదలుపెట్టింది. బడి వరండా నుంచి చూస్తే వంతెన కనబడుతుంది. రెయిలింగు పై కడ్డీ బయటపడితే ఇళ్ళలో నడుముల్లోతు నీళ్ళున్నట్టు, కింది కడ్డీ బయటపడితే మోకాటి లోతున్నట్టు లెక్క. సుభాగి తెల్లవారకముందే బూట్లు తొడుక్కొని వరండా చివర కూర్చుంది. పై కడ్డీ కనబడగానే చీపురు అందుకొని గేటు దగ్గరికి నడిచింది.

గేటుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు ఒక కొసను పట్టుకొని ఒక కానిస్టేబులు, పక్కన రిజిస్టరు పట్టుకొని అవినేశ్ నిలబడ్డారు. సహాయ శిబిరం చూడటానికి జిల్లా ఆఫీసు పంపిన కుర్రాడు అవినేశ్. ఇరవై ఏడేళ్ళుంటాయి, వరదలో కూడా ఇస్త్రీ చెదరని చొక్కా, మెడలో కార్డు. రాజధాని సువా నుంచి ప్రభుత్వ పెద్దాయన ఒకాయన హెలికాప్టర్‌లో వస్తున్నాడని, తన చేత్తో సామాన్ల సంచులు పంచుతాడని, రిజిస్టరులో ఉన్న ఎనభై ఏడుగురూ హాల్లో కనబడాలని, అంతవరకూ ఎవరూ బయటికి పోరాదని చెప్పాడు. ఎప్పుడొస్తాడని సుభాగి అడిగింది. పదింటికన్నాడు. పదీ అయింది, పదిన్నరా అయింది. ఆకాశంలో కాకి కూడా రాలేదు.

నీటిలో కరెంటు ఉంటుందని అతనొక కారణం చెప్పాడు. కరెంటు నిన్న సాయంత్రమే తీసేశారని సుభాగి చెప్పింది. ప్రవాహం లాగేస్తుందని ఇంకో కారణం చెప్పాడు. చెరకు రైలు కట్ట మీద నడిచి ఇళ్ళ వెనక దిగుతామని, అక్కడ నీరు నడుస్తుందే గాని లాగదని, ఆ సంగతి అతని తాత పుట్టకముందు నుంచీ లైనుకు తెలుసని చెప్పింది. కారణాలు అయిపోయాక అవినేశ్ రిజిస్టరు చూపించాడు.

"నేనేం చెయ్యను ఆంటీ. పైనుంచి ఆర్డరు. లెక్క తప్పితే నా ఉద్యోగం పోతుంది."

"నది నీ రిజిస్టరు చూసి దిగట్లేదు బాబూ."

"ఒక్క గంట ఓపిక పట్టండి. బురదే కదా, రేపు కడుక్కోవచ్చు."

బురదే కదా అన్న మాట విన్నాక సుభాగి ముఖం ఎలా మారిందో కానిస్టేబులు తరవాత చాలామందికి చెప్పాడు. తాడు తన చేతిలో వేడెక్కిందని అతని మాట. ఆమె చీపురు భుజాన వేసుకుంది. వెనక్కి తిరిగి హాల్లోకి నడిచింది. పదకొండున్నరకు వంతెన కింది కడ్డీ నీళ్ళలోంచి తల ఎత్తింది.

హాల్లో జనం చాపల మీద వరసగా కూర్చుని ఉన్నారు. సంచిలో ఏమేముంటాయో అప్పటికే తెలిసిపోయింది: బియ్యం, పిండి, పప్పు, చేపల డబ్బాలు నాలుగు, ఒక దుప్పటి. సుభాగి మరిది రాంసముజ్ ఆ చేపల డబ్బాలతో ఏం వండాలో పక్కవాళ్ళకు వివరిస్తున్నాడు. అతనికి ఒక కాలు పొట్టి, నాలుక పొడుగు. సుభాగి పిల్లల బల్ల ఒకటి హాలు మధ్యకు లాగి, బూట్లతోనే దాని మీదికెక్కింది. అరుస్తుందనుకొని ముందు వరసలో వాళ్ళు చెవుల దగ్గరికి చేతులు తీసుకెళ్ళారు. అరవలేదు. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం లైను ఎప్పుడూ వినలేదు.

"కింది కడ్డీ కనబడింది. లేవండి."

ఎవరూ కదలలేదు. సంచులు రానీ అని ఒకరు, పెద్దాయన వచ్చే వేళకు పోతే బాగుండదేమో అని ఇంకొకరు గొణిగారు.

"పోయినసారి మీరు వేళ దాటాక తోసిన బురద నా ఇంట్లో ఆగింది. మీ పదిహేను ఇళ్ళ బురద తవ్వి మా ఆయన చచ్చిపోయాడు. దినానికొచ్చి తిన్నారు. నేను మీలో ఒక్కరిని ఒక్క మాటనలేదు. ఇవాళ అంటున్నాను. ఇప్పుడు లేవనివాళ్ళు రేపు నా గుమ్మం వైపు ఒక్క చెంచా బురద తోశారంటే, ఆ బురద మీ చేతే తినిపిస్తాను. సంచిలో పప్పు కలుపుకుందురుగాని."

సుభాగి పక్క ఇంట్లో ఉండే మెరెవలేసి చాప మీది నుంచి లేచింది. తలుపులో పట్టని మనిషి, చర్చిలో పాడితే కిటికీలు అదిరే గొంతు. ఆమె గోడకు ఆనించిన చీపురు తీసుకొని, "పద అక్కా" అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచారు. మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు.

అప్పుడు రాంసముజ్ తన జీవితంలో పనికొచ్చిన ఏకైక సలహా ఇచ్చాడు.

"వదినా, ఇంటికొక మనిషి ఇక్కడుంటే చాలదూ? ముసలాళ్ళం, కుంటాళ్ళం ఉంటాం. సంచి ఇంటికి ఒకటే గదా, తలకొకటి కాదు గదా. త్యాగం చెయ్యడానికి నేను సిద్ధం."

ఆ త్యాగంతో హాలు లేచింది. యాభై మందికి పైగా చీపుళ్ళు, పారలు, బడి కిటికీల నుంచి ఊడదీసిన అడ్డచెక్కలు పట్టుకొని గేటు మీదికి వచ్చారు. అవినేశ్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. పేర్లు కొట్టేస్తానన్నాడు. తన పేరు ఎన్నో పేజీలో ఉందో చూసుకొని ముందు అదే కొట్టెయ్యమంది సుభాగి. కానిస్టేబులు మెరెవలేసికి మేనమామ కొడుకు. మెరెవలేసి అతని వైపు ఒకసారి చూసింది. చేతులు తిమ్మిరెక్కాయని అతను తాడు కింద పెట్టాడు.

రైలు కట్ట మీద వాళ్ళు నడవలేదు, పరిగెత్తారు. అయినా వంతెన దగ్గరి మొదటి ఇంట్లో దిగేసరికి నీరు మోకాలు దాటి పిక్కల్లోకి వచ్చేసింది. మొదటి ఇంటివాళ్ళు వెనక గది నుంచి రేపుకుంటూ వచ్చి గుమ్మం దాటించి, "వస్తోంది" అని కేకేశారు. రెండో ఇంటివాళ్ళు అందుకున్నారు. ఆ కేక ఒక్కో ఇల్లూ దాటుకుంటూ కిందికి వచ్చింది. నీరు కాఫీ రంగు నుంచి చాక్లెట్ రంగుకు మారింది, చిక్కబడింది. మెరెవలేసి ఒక్కతే తోపుడు కర్రతో నలుగురి పని చేసింది. ఆమె తోసిన అలకు రెండు బాతులు ఎగిరి వెళ్ళి సముద్రంలో పడ్డాయంటారు. సముద్రం అక్కడికి చాలా దూరం కాబట్టి బాతుల సంగతి నమ్మనక్కర్లేదు. అల మాత్రం నిజం.

వాళ్ళు సగంలో ఉండగా హెలికాప్టర్ వచ్చింది. లైను మీద ఒకసారి చుట్టు తిరిగింది. ఎవరూ తలెత్తలేదు. తరవాత తెలిసిందేమిటంటే, హాల్లో జనం పలచగా ఉండి ఫొటో సరిగ్గా రావడం లేదని రాంసముజ్‌ను ఐదుసార్లు నిలబెట్టారు. టోపీతో ఒకసారి, టోపీ లేకుండా ఒకసారి, దుప్పటి కప్పుకొని ఒకసారి అతను పెద్దాయనతో చేయి కలిపాడు. ఐదోసారి పెద్దాయన అతన్ని పేరు పెట్టి పలకరించాడు.

సుభాగి ఇంటికి బురద వచ్చేసరికి నీరు చీలమండల్లో ఉంది. పదహారు ఇళ్ళ మనుషులూ ఆ ఒక్క ఇంటి మీద పడ్డారు. హాల్లో భుజం భుజం ఆనించి వరసగా నిలబడి తోశారు. ఆఖరి నీరు గుమ్మం దాటి వాగులో పడుతుంటే హాలు గచ్చు నల్లగా, తడిగా, శుభ్రంగా బయటపడింది. వంటగదీ బయటపడింది. వెనక గది మాత్రం రెండు మెట్లు పల్లంలో ఉంటుంది. అందులో నీరు ఆగింది, కదలడం మానేసింది, బురద జానెడు మందాన కూర్చుంది. మోకాటి నీళ్ళప్పుడు వచ్చి ఉంటే అది కూడా పోయేది. తాడు దగ్గర పోయిన వేళ ఎంతో, ఆ బురద మందం అంత.

మెరెవలేసి ఆ గదిలోకి పార తీసుకెళ్ళబోయింది. సుభాగి ఆమె చేతిలోంచి పార లాక్కుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, బూట్ల అంచుల మీద గుడ్డ బిగించి కట్టుకొని, ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆ సాయంత్రమూ మర్నాడంతా ఒక్కతే తవ్వింది. ఒక్కో పారకీ ఒక్కో పేరు తిట్టింది. రేడియోను తిట్టింది, హెలికాప్టర్‌ను తిట్టింది, రిజిస్టరు కనిపెట్టినవాడి ఏడు తరాలనూ తిట్టింది. చివరి నాలుగు పారలప్పుడు, గాయముందని తెలిసీ బూట్లు తొడుక్కోని మొగుణ్ణి తిట్టింది.

తరవాత ఆరబెట్టడం. అన్ని గదుల్లోనూ గోడల లోపలి పొరలో కింది రెండేసి పలకలు ఊడదీసి, పొరల మధ్య దూరిన బురదను చీపురు పుల్లలతో గీకి, బావి నీళ్ళలో బ్లీచింగ్ కలిపి పోసి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి ఉంచింది. త్వరగా ఆరాలని మొదటి రోజే నిప్పు పెడితే చెక్క బీట్లు వారుతుంది. రెండు రోజులు గాలికి వదిలి, మూడో రోజు నుంచి డ్రమ్ములో బొగ్గులు వేసి హాలు మధ్యన పెట్టింది. పూట పూటకూ గోడ మీద చెంప ఆనించి చూసేది. చేతికి చల్లగా లేకపోయినా చెంపకు చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. ఎనిమిదో రోజుకు హాలు గోడలు చెంపకు పొడిగా తగిలాయి. వెనక గదిలో మాత్రం రెండు పొరల పలకలూ ఉబ్బి, మేకుల నుంచి విడిపోయి, విల్లులా వంగిపోయాయి. పన్నెండు పలకలు. వాటిని పీకి వాకిట్లో పేర్చింది.

పదకొండో రోజున అవినేశ్ వచ్చాడు. ఈసారి చేతిలో నష్టం ఫారాలున్నాయి. ఇళ్ళు పాడైనవాళ్ళకు చెక్క, రేకులు ఇస్తారట. మెట్ల దగ్గరే నిలబడి హాల్లోకి తొంగిచూశాడు. గచ్చు మెరుస్తోంది. రాంసముజ్ దాని మీద దర్జాగా కూర్చుని చేపల డబ్బా తెరుస్తున్నాడు. సుభాగి ఉబ్బిన తలుపును బల్లల మీద పడుకోబెట్టి చిత్రిక పడుతోంది. అతన్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

ఫారంలో మూడే గడులున్నాయని అవినేశ్ చెప్పాడు: ఇల్లు కొట్టుకుపోయింది, ఇల్లు పాడైంది, నష్టం లేదు. హాల్లో బురద ఉంటే రెండో గడి, లేకపోతే మూడోది. అవతలి ఒడ్డు వాళ్ళందరికీ రెండో గడి పడింది. వాళ్ళ శిబిరంలో తాడు ఎవరూ దింపలేదు. హాళ్ళలో బురద ఎండి గట్టిపడింది. సుభాగి అతన్ని వెనక గదికి తీసుకెళ్ళి గోడ చూపించింది. గోడ ఉండాల్సిన చోట చెరకు తోట కనబడింది.

"గది లెక్కలోకి రాదు ఆంటీ. హాలే చూడమన్నారు." హాల్లోకి వచ్చాక, సుభాగి మళ్ళీ చిత్రిక అందుకుంటుంటే, అతను వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. అంతవరకూ న్యాయంగా చెప్పాలి. "ఒక పని చేద్దాం. వాగులోంచి రెండు బకెట్లు బురద తెచ్చి హాల్లో పోయండి. నేను ఫొటో తీసుకుంటాను. పాడైంది అని రాసేస్తాను. మళ్ళీ కడిగేసుకోండి. మీ పలకలు మీకొస్తాయి."

సుభాగి చిత్రిక పక్కన పెట్టింది. రాంసముజ్ చేప ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"నా ఇంట్లో బురద పొయ్యమంటున్నావు."

"మీ మంచికే ఆంటీ."

"లేని బురద రాయడానికి నీ కాగితంలో గడి ఉంది. ఉన్న నష్టం రాయడానికి లేదు. తోసుకోనివ్వకుండా పట్టుకున్నది నువ్వు. మీరు ఆపినా తోసుకున్నందుకు నష్టం లేదంటున్నదీ నువ్వే. ఇప్పుడు నా చేత్తో నన్నే బురద తెచ్చుకోమంటున్నదీ నువ్వే. ఆ బురద మోసుకొని ఈ గుమ్మం ఎవరూ దాటరు. నువ్వయినా సరే, మీ పెద్దాయనయినా సరే. పెన్ను తియ్యి."

అవినేశ్ పెన్ను తీశాడు.

"నాలుగో గడి గీయి."

"అలా గీయకూడదు ఆంటీ. అచ్చు ఫారం..."

"గీయి."

తలుపు అంచును స్కేలులా ఆనించుకొని అతను నాలుగో గడి గీశాడు. ఆమె చెప్పింది, అతను రాశాడు: వెనక గది, పన్నెండు పలకలు, మోకాటి నీళ్ళ వేళ ఇంటివాళ్ళను గేటు దగ్గర తాడు కట్టి ఆపినందువల్ల. ఎవరు ఆపారో కూడా రాయాలా అని అడిగాడు. నీ పేరు నీకు రాయడం రాదా అని ఆమె అడిగింది. అతను తన పేరు రాశాడు. చేతిరాత బాగానే ఉంది.

ఆ లైనులో ఏ ఇంటికి వచ్చిన మనిషైనా, చివరికి కరెంటు తీగ కత్తిరించడానికి వచ్చినవాడైనా, టీ తాగకుండా మెట్లు దిగడు. అవినేశ్ దిగాడు. రాంసముజ్ అలవాటు కొద్దీ కెటిల్ కోసం లేవబోతే సుభాగి "కూర్చో" అంది. కుర్రాడు లైను పొడుగునా నడిచి వంతెన దాకా వెళుతుంటే పదిహేను గుమ్మాల్లోంచి జనం చూశారు. ఒక్క గుమ్మంలోంచి కూడా లోపలికి రమ్మన్న మాట రాలేదు.

పలకలు రాలేదు. అచ్చు ఫారంలో లేని గడిని పై ఆఫీసులో ఏ కంప్యూటరూ తీసుకోలేదట. వెనక గది గోడ ఆ వర్షాకాలమంతా తెరిచే ఉంది. జల్లు కొట్టినప్పుడల్లా సుభాగి మంచం గది ఇవతలి మూలకు లాక్కొని తిట్టుకుంటూ పడుకునేది. ఆ ఖాళీకి లైనులో అవినేశ్ కిటికీ అని పేరు పడింది. కనీసం గోనెపట్టా అయినా కడదాం వదినా అని రాంసముజ్ ఒకరోజు అన్నాడు. అక్కర్లేదని, రైలు కట్ట మీద పోయేవాళ్ళందరికీ అది కనబడుతూ ఉండాలని సుభాగి చెప్పింది.